దాచిన మూర్ఛ, దాగని వణుకు

నాడీవైద్యుల దగ్గరకు వచ్చే జబ్బుల్లో మూర్ఛ, కదలికల రుగ్మతలు అనే రెండు కుటుంబాలు ఒక విషయంలో ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మూర్ఛ కొద్ది నిమిషాలు వచ్చి పోతుంది, మిగిలిన కాలమంతా మనిషి అందరిలాగే తిరుగుతాడు, కాబట్టి దాన్ని దాచవచ్చు. చేతి వణుకు, నడకలోని ఈడ్పు, కవళికలు తగ్గిన ముఖం నలుగురిలోకి వచ్చిన ప్రతిసారీ బయటపడతాయి, కాబట్టి వాటిని దాచడం కుదరదు. ఈ తేడా వైద్యాన్ని ఎంత దూరం నడిపిస్తుందో చూడడానికి బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊరు తగిన చోటు, ఎందుకంటే అక్కడ ఒంటి ఆరోగ్యం ఇంటి సంగతిగా మాత్రమే ఉండదు, కొలువుకు అర్హతగా కూడా ఉంటుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడి, 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా లైను పూర్తిచేసింది. అర్పా నది ఒడ్డున ఉన్న పాత ఊరి పక్కన యార్డులూ కాలనీలూ లేచాయి. అదే కంపెనీ పట్టాలు వాల్తేరు వైపు కూడా సాగడం వల్ల శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు ఆ కొలువుల్లో చేరి ఇంత దూరం వచ్చారు, వారి తరువాతి తరాలు తోర్వా, బుధవారీ బజారు పరిసరాల్లో నిలిచిపోయాయి. 2003లో ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. ఇప్పుడు ఒకే ఇంట్లో నాయనమ్మది శ్రీకాకుళం యాస, మనవడిది హిందీ. ఒకే జబ్బును ఆమె కాకిసోమాల అంటుంది, అతను మిర్గీ అంటాడు, మధ్య తరంవారు ఫిట్స్ అని గొంతు తగ్గించి చెబుతారు.

ఈ సంవాదంలో ఇద్దరు మాట్లాడతారు. ఒకరు ఆసుపత్రిలో పనిచేసే నాడీవైద్యురాలు. రెండోవారు గూడ్సుబళ్ళ మీద గార్డుగా చేసి పదవీ విరమణ పొందిన పెద్దమనిషి. ఆ ఉద్యోగానికి 2022లో ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గాని కాలనీలో ఆయన ఇప్పటికీ గార్డుగారే. వీరు ఫలానా వ్యక్తులు కారు, రైల్వే కాలనీల్లో వినిపించే రెండు వాదాలకు గొంతులు మాత్రమే.

గార్డు: డాక్టరమ్మా, ఈ జబ్బులకు వైద్యం పెద్ద ఊళ్ళోనే జరగాలి, అదీ గుట్టుగా జరగాలి. యంత్రాలు అక్కడున్నాయి, చేతిలో పాసు ఉంది, కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికల్లా సొంతవాళ్ళ మధ్య దిగవచ్చు. ఇక్కడ చూపించుకుంటే పేరు రికార్డులోకి ఎక్కుతుంది, రికార్డు కొలువు మీదికి వస్తుంది; మందుల షాపు దగ్గర ఎవరో ఒకరు చూస్తారు, ఆ చూపు పిల్ల పెళ్ళి మీదికి వస్తుంది. ఇల్లు గడవాల్సినవాళ్ళు దాచక ఏం చేస్తారు?

వైద్యురాలు: గుట్టు మాట తరువాత చూద్దాం గార్డుగారూ, ముందు యంత్రం సంగతి తేలాలి. మూర్ఛ అంటే మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా, హద్దు మీరి, ఒకే లయలో విద్యుత్తు విడుదల చేయడం. ఆ అలజడి మెదడులో ఒక మూలనే మొదలైతే దాన్ని పాక్షిక మూర్ఛ అంటారు, మొదటినుంచే రెండు వైపులా ఉంటే సర్వవ్యాప్త మూర్ఛ అంటారు. ఈ విద్యుత్తును తల మీద నుంచి గీతలుగా నమోదు చేసే పరీక్ష ఇ.ఇ.జి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి తల నుంచి దాన్ని తీసి, 1929లో ప్రకటించాడు. అయితే ఆ పరీక్ష అరగంటో ముప్పావుగంటో తీస్తారు, మూర్ఛ నెలకు ఒకసారి వస్తుంది; అందువల్ల జబ్బు ఉన్నవారిలో చాలామందికి ఇ.ఇ.జి. మామూలుగానే వస్తుంది. ఎం.ఆర్.ఐ. మెదడులోని మచ్చను, గడ్డను, పురుగు తిత్తిని చూపిస్తుంది గాని పడిపోయినది మూర్ఛతోనా, కళ్ళు తిరిగా అన్నది చెప్పదు. ఆ సంగతి చెప్పగలిగేది పక్కనున్న మనిషి ఒక్కరే.

గార్డు: పక్కనున్నవాళ్ళు ఆ సమయంలో కంగారులో ఉంటారు. తాళపుచెవులు తెచ్చి చేతిలో పెట్టేవారు ఒకరు, చెప్పు వాసన చూపించేవారు ఒకరు, పళ్ళ మధ్య చెంచా దూర్చేవారు ఇంకొకరు. ఆ గందరగోళంలో వాళ్ళు చూసినదేమిటి, చూడనిదేమిటి?

వైద్యురాలు: చేయకూడనివన్నీ మీరే వరసగా చెప్పారు. ఇనుము వల్ల మూర్ఛ ఆగదు. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆగిన క్షణంలో చేతిలో తాళాలున్నాయి కాబట్టి తాళాలకు పేరొచ్చింది. చెంచా వల్ల పన్ను విరుగుతుంది, విరిగిన పన్ను ఊపిరిగొట్టంలోకి పోవచ్చు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిదేదైనా పెట్టి, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా మళ్ళీ మొదలైనా అది ఆగని మూర్ఛ, దానికి ఆసుపత్రిలో నరానికి లోరాజెపామ్ వంటి మందు ఎక్కించాలి, అప్పుడే ఆలస్యం ప్రాణానికి వస్తుంది. చూడవలసినవాటిలో మొదటిది గడియారం. తల ఏ వైపు తిరిగింది, కొట్టుకోవడం ఏ చేతి నుంచి మొదలైంది, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, ముఖం పాలిపోయిందా నీలంగా మారిందా, తెలివి వచ్చాక తన పేరు చెప్పడానికి ఎంతసేపు పట్టింది అన్నవి ఆ తరువాతవి. గూడ్సుబండి ఏ స్టేషనులో ఎన్ని గంటలకు ఆగి ఎన్ని గంటలకు కదిలిందో రఫ్ జర్నల్‌లో రాసినవారికి ఈ పని కొత్తది కాదు.

గార్డుగారు ఈ మాటకు వెంటనే ఒప్పుకోరు, అయితే ఆయన వాదం ఇక్కడ కొంచెం పక్కకు జరుగుతుంది. సాక్షి మాటకు అంత విలువ ఉంటే ఆ సాక్షితో సహా విశాఖకో హైదరాబాదుకో వెళ్ళవచ్చు గదా, ఒక్కసారి పెద్ద డాక్టరు చేత మందు రాయించుకుంటే ఆ చీటీ చూపించి ఎక్కడైనా కొనుక్కోవచ్చు గదా అని ఆయన అడుగుతారు. మూర్ఛ వైద్యం మీద జనంలో ఉన్న అపోహల్లో చాలావాటికి ఈ ప్రశ్నే మూలం, కాబట్టి వైద్యురాలు దీని మీద ఎక్కువసేపు నిలబడుతుంది.

వైద్యురాలు: ఒకే పేరున్న జబ్బుకు ఒకే మందు ఉండి ఉంటే ఆ లెక్క సరిపోయేది. పదిహేనో పదహారో ఏళ్ళ కుర్రాడు పొద్దున్న లేచిన అరగంటలో టీ గ్లాసు జారవిడుస్తాడు, పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి ఎగిరిపడుతుంది, ఇంట్లో పరధ్యానమని తిడతారు. అది క్షణకాలపు కండర కుదుపు, దాన్ని మయోక్లోనస్ అంటారు, చూడడానికి కదలికల జబ్బులా ఉన్నా నిజానికి అది మూర్ఛే. పరీక్షలకు రాత్రంతా మేలుకున్న మర్నాడు అదే కుర్రాడు పూర్తిగా పడిపోతాడు. పడిపోయిన సంగతి మాత్రం చెప్పి, గ్లాసు జారిన సంగతి చెప్పకపోతే కార్బమాజెపిన్ రాసే ప్రమాదం ఉంది, ఆ మందుతో ఈ కుదుపులు పెరగవచ్చు. ఈ రకానికి వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది. అదే జబ్బు ఆడపిల్లకు ఉంటే వాల్‌ప్రోయేట్ వీలైనంతవరకు ఇవ్వకూడదు, ఎందుకంటే గర్భంలోని బిడ్డకు వెన్నెముక లోపాలు రావచ్చు, తెలివితేటల ఎదుగుదల తగ్గవచ్చు. అక్కడ లెవెటిరాసిటామ్ గాని లామోట్రిజిన్ గాని ఎంచుకుంటారు. ఇంకొకరికి పంది మాంసం నుంచి వ్యాపించే బద్దెపురుగు గుడ్లు, కడగని కూరల ద్వారానో మురికి నీటి ద్వారానో కడుపులోకి పోయి మెదడులో తిత్తి కట్టి ఉంటాయి. మాంసమే ముట్టని ఇంట్లో కూడా ఇది వస్తుంది. ఆ తిత్తి మానిపోయాక, మూర్ఛ రాకుండా కొంతకాలం గడిస్తే, మందు మెల్లగా తీసేయవచ్చు. టీ గ్లాసు కుర్రాడికి మాత్రం చాలా ఏళ్ళు, ఒక్కోసారి జీవితమంతా వాడాలి. చీటీ ఒకటే అయితే ఈ ముగ్గురిలో ఇద్దరికి అన్యాయం జరుగుతుంది.

గార్డు: మందుతో మూర్ఛ తగ్గి, చెయ్యి వణకడం మొదలైనవాళ్ళూ కాలనీలో ఉన్నారు. ఒక జబ్బును తీసి ఇంకో జబ్బును పెట్టడం వైద్యమవుతుందా?

వైద్యురాలు: ఆ ఫిర్యాదు న్యాయమైనది. వాల్‌ప్రోయేట్‌తో వణుకు వస్తుంది, కొందరిలో నడకే మందగిస్తుంది. మోతాదు తగ్గిస్తే లేదా మందు మారిస్తే సాధారణంగా పోతుంది. ఫెనిటాయిన్ మోతాదు కొంచెం ఎక్కువైతే మనిషి తాగినవాడిలా తూలతాడు. ఆ వణుకును విశాఖలో మందు రాసినవారు చూడలేదు, ఆరు నెలల తరువాత గాని చూడరు. బిలాస్‌పూర్‌లో చూసిన ఇంకొకరికి ఆ మందు సంగతి చెప్పకపోతే, దాన్ని కంపవాతమనుకుని దానికి మరో మందు రాస్తారు. రెండు ఊళ్ళలో రెండు చీటీలున్నప్పుడు ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో రెట్టింపు పడడం కూడా జరగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేమంటే, మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా సరైన మందుతో మూర్ఛ రాకుండా బతకగలరు. ఆ సరైన మందు చేతికి రావడానికి రెండు మూడు సర్దుబాట్లు కావాలి, అవి జరగాలంటే వైద్యులు దగ్గరగా ఉండాలి.

వణుకు ప్రస్తావన వచ్చింది గనుక సంభాషణ కదలికల జబ్బుల వైపు తిరుగుతుంది. చేతులు వణికే ప్రతివారికీ కంపవాతం, అంటే పార్కిన్సన్ వ్యాధి, ఉన్నట్టు కాదు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో తన వ్యాసంలో వర్ణించిన జబ్బులో వణుకు చెయ్యి ఊరికే ఒడిలో పెట్టుకున్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది, గ్లాసు అందుకోబోతే తగ్గుతుంది. గ్లాసు ఎత్తినప్పుడే పెరిగే వణుకు చాలావరకు వంశంలో వచ్చే వేరే రుగ్మత, దానికి ప్రొప్రనొలాల్ వంటి మందులున్నాయి. పార్కిన్సన్ వ్యాధికి అసలు గుర్తు వణుకు కాదు, కదలిక మందగించి చిన్నదైపోవడం. కొందరు రోగుల్లో వణుకే ఉండదు. ఈ తేడాను పట్టుకోవడానికి నాడీవైద్యులు బొటనవేలిని చూపుడువేలితో వీలైనంత వెడల్పుగా, వేగంగా తట్టమంటారు, వరండాలో నడిపించి ఏ చెయ్యి ఊగడం లేదో చూస్తారు, వెనక నుంచి భుజాలు పట్టి ఒక్కసారి లాగి ఎన్ని అడుగుల్లో నిలదొక్కుకుంటారో చూస్తారు, ఆపైన కాగితం ఇచ్చి రాయిస్తారు.

తెలుగు ఇళ్ళలో ఈ ఆఖరి పరీక్షకు ఆసుపత్రి కాగితం కంటే మంచి ఆధారం ఒకటి దొరుకుతుంది. అది రామకోటి పుస్తకం. మనవలకు తెలుగు అక్షరాలు రాని ఇంట్లో కూడా నాయనమ్మ గళ్ళ పుస్తకంలో శ్రీరామ అని రోజూ రాస్తుంది, నిండిన పుస్తకాలు దేవుడి గూటి కింద వరసగా ఉంటాయి. పార్కిన్సన్ వ్యాధి మొదలవుతున్న చేతిలో ఆ అక్షరాలు వరస మొదట్లో గడి నిండా ఉండి, కుడివైపుకు పోతున్నకొద్దీ చిన్నవై, చివరి గడుల్లో శ్రీ కింది వంపు విప్పుకోక గీతలా మిగులుతుంది. పేజీ తిప్పగానే మళ్ళీ కొంచెం పెద్దవై మళ్ళీ ముడుచుకుంటాయి. వంశపు వణుకున్న చేతిలో అక్షరం చిన్నదవదు, గళ్ళు దాటి వంకరలు పోతుంది. నాలుగైదేళ్ళ పుస్తకాలు పక్కపక్కన పరిస్తే, వణుకు ఇంట్లోవారి కంట పడకముందే ఏ పుస్తకం నుంచి చెయ్యి ముడుచుకోవడం మొదలైందో కనిపిస్తుంది. ఏ స్కానూ ఇంత వెనక్కి పోయి చూడలేదు.

గార్డు: రామకోటి మాట బాగుంది డాక్టరమ్మా. అయితే ఆ ముసలామెకు మీరిచ్చేది మళ్ళీ మాత్రలే గదా. దూలగొండి గింజల పొడితో నడిచినవాళ్ళున్నారని వైద్యులే చెబుతున్నారు, చెట్టు మందు చేతిలో ఉండగా మాత్రలెందుకు?

వైద్యురాలు: చెట్టు గొప్పతనాన్ని తక్కువ చేసే ఉద్దేశం లేదు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉంది, 1937లో దామోదరన్, రామస్వామి దాన్ని ఆ గింజల నుంచి విడిగా తీసి చూపించారు. ఇంకో చెట్టు సర్పగంధ. దాని వేరులోని రెసర్పిన్ అనే మందును కుందేళ్ళకు ఇస్తే అవి కదలక బిగుసుకుపోయాయి, తరువాత లెవోడోపా ఇస్తే లేచి తిరిగాయి. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో చూసిన సంగతి ఇది, దానితో మొదలైన పనికి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. కదలికను నడిపించే డోపమిన్ మెదడులో తగ్గిపోవడమే పార్కిన్సన్ వ్యాధి అని ఆ దారిలోనే తేలింది. డోపమిన్‌ను నేరుగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి పోదు, లెవోడోపా పోగలదు, పోయి అక్కడ డోపమిన్‌గా మారుతుంది. అయితే దారిలోనే, కడుపులోనూ రక్తంలోనూ, చాలా భాగం మారిపోయి వాంతులు తెస్తుంది. దాన్ని ఆపడానికి కార్బిడోపా కలుపుతారు. గింజలో కార్బిడోపా లేదు, ఏ గింజలో ఎంత లెవోడోపా ఉందో చెంచాతో కొలవలేరు. మాత్రతో పాటు ఇంట్లోవారు చెప్పకుండా పొడి కూడా ఇస్తే, మోతాదు మీరి ఒళ్ళు మెలికలు తిరుగుతుంది, ఆ మెలికలు జబ్బు ముదిరినందువల్లో మందు ఎక్కువైనందువల్లో వైద్యులకు తెలియదు. చెట్టు వల్ల నష్టం లేదు గార్డుగారూ, చెప్పకపోవడం వల్లే నష్టం.

ఇక్కడ వైద్యురాలు మరో హెచ్చరిక చేస్తుంది, అది కాలనీలో అందరికీ పనికొచ్చేది. గ్యాస్‌కు, వాంతులకు వాడే మందుల్లో లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు వాడే సినారిజిన్, ఫ్లూనరిజిన్ మెదడులో డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. నెలల తరబడి వాడిన పెద్దవయసువారిలో అచ్చం పార్కిన్సన్ వ్యాధిలా మందగింపు, వణుకు వస్తాయి, ఆ మాత్ర మానేస్తే వారాల్లోనో నెలల్లోనో చాలామంది తేరుకుంటారు. షాపులో అడిగి తెచ్చుకున్న గ్యాస్ మాత్రను మందుగా లెక్కపెట్టనివారు ఆ సంగతి వైద్యులకు చెప్పరు. ఇక నలభై లోపు మనిషికి వణుకు వస్తే కాలేయంలోనూ మెదడులోనూ రాగి పేరుకునే విల్సన్ వ్యాధి ఉందేమో తప్పక చూడాలి, ఎందుకంటే దానికి వేరే మందులున్నాయి, ఆలస్యమైతే పోయిన కదలిక తిరిగి రాకపోవచ్చు.

గార్డు: చెప్పాలి, చెప్పాలి అంటున్నారు. చెప్పినవాడికి ఏం మిగులుతుందో కూడా చెప్పండి. బండి మీద పనిచేసే రన్నింగ్ స్టాఫ్‌లో ఉన్నవాడు మూర్ఛ అని నోరు విప్పిన రోజునే బండి దిగాలి.

వైద్యురాలు: దిగాలి. అందులో దాపరికం లేదు. ఇంజనులో ఉన్న మనిషికి స్పృహ తప్పితే వెనకనున్నవారందరి ప్రాణాలూ దాని మీద ఉంటాయి, పైగా నైట్ డ్యూటీల నిద్రలేమి మూర్ఛను పిలుస్తుంది. కానీ బండి దిగడం, కొలువు పోవడం ఒకటి కాదు. వైద్యపరీక్షలో ఒక వర్గానికి పనికిరానివారికి వేరే పని చూపే నియమాలు రైల్వేలో ఉన్నాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 20వ సెక్షను, కొలువులో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదనీ, హోదా తగ్గించకూడదనీ అంటుంది.

గార్డు: ఆ చట్టం పట్టికలో పార్కిన్సన్ వ్యాధి పేరుంది, మూర్ఛ పేరు లేదు. జీతం నిలిచినా బండి తిరిగిన దూరానికి వచ్చే మైలేజీ పోతుంది, ఆ మైలేజీ మీదే ఇంటి అప్పు కడుతున్నవాళ్ళున్నారు. ఉద్యోగి మూర్ఛ దాచడం తప్పే అనుకున్నా, అతని చేత దాపించినది ఈ లెక్కే.

ఈ మాట దగ్గర గార్డుగారిదే పైచేయి, వైద్యురాలు దాన్ని కాదనదు. కనిపించే జబ్బుకు చట్టంలో పేరు దొరికింది, కనిపించని జబ్బుకు దొరకలేదు. ఆ లోటును ఆసుపత్రి గదిలో పూడ్చడం సాధ్యం కాదు. పెళ్ళి విషయంలో మాత్రం చట్టం ముందుకు నడిచింది. 1976 సవరణ హిందూ వివాహ చట్టంలో మాటిమాటికీ వచ్చే మూర్ఛను ఉన్మాదంతో కలిపి పెళ్ళికి అడ్డుగా చేర్చింది, 1999 సవరణ ఆ మాటను తీసేసింది. జనం మనసులో ఆ మాట ఇంకా చెరగలేదు గనుక ఆడపిల్ల తల్లిదండ్రులు చెప్పకుండా పెళ్ళి చేస్తారు, పిల్ల అత్తవారింట్లో మాత్ర మింగడానికి చాటు దొరకక మానేస్తుంది, మానేసిన కొద్దిరోజుల్లోనే అందరి ముందూ పడిపోతుంది. ముందుగా చెప్పి ఉంటే గర్భానికి ముందే మందు మార్చి, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టి ఉండేవారు.

గార్డు: దగ్గరి వైద్యం మంచిదే అనుకుందాం. లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ అని 1991 నుంచి ఆసుపత్రి బండి ఊరూరా తిరుగుతోంది, ఢిల్లీ ఎయిమ్స్ నాడీవైద్యులు దానిలో మూర్ఛ రోగులను కూడా చూశారు. బండి కొన్ని వారాలు నిలిచి వెళ్ళిపోతుంది. అప్పుడు దగ్గరెవరు?

వైద్యురాలు: అందుకే ఊళ్ళో ఉండేవారు కావాలి. ఈ ఊరి పక్కనే గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు పల్లెవారికి తక్కువ ఖర్చుతో దగ్గరుండి వైద్యం చేయవచ్చని చూపించారు. మూర్ఛకు 1912 నాటి ఫీనోబార్బిటాల్, పార్కిన్సన్ వ్యాధికి లెవోడోపా–కార్బిడోపా, ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల పట్టికలో ఉన్నవే. పెద్ద ఊరి అవసరం కొందరికి నిజంగా ఉంది: రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగని మూర్ఛకు శస్త్రచికిత్స పనికొస్తుందేమో చూడాలి, మాత్రలు పనిచేస్తున్నా వాటి ప్రభావం నిలకడగా ఉండని కొందరు పార్కిన్సన్ రోగుల మెదడులోకి సన్నటి తీగ దింపి విద్యుత్తు పంపాలి. వారిని పంపవలసిందే. పంపేటప్పుడు చేతిలో ఏముందన్నదే ప్రశ్న.

గార్డు: జబ్బు సంగతులు రాసిపెట్టిన పుస్తకం చేతిలో ఉండాలంటారు. ఓపీలో అయిదు నిమిషాలు దొరకని చోట పుస్తకం ఎవరు చదువుతారు?

వైద్యురాలు: పుస్తకమంతా ఎవరూ చదవరు, అది నిజం. మొదటి పేజీలో నాలుగు గడులు చాలు: తేదీ, గంట, ఏ మాత్ర, ఏం జరిగింది. రామకోటి రాసే ఆ ముసలమ్మ సంగతే తీసుకోండి. లెవోడోపా భోజనానికి అరగంట ముందు పడాలి. పప్పు, పెరుగు, గుడ్డు అందులోని మాంసకృత్తులతో దాని దారికి అడ్డొస్తాయి. జబ్బు మొదట్లో ఒక మాత్ర చాలాసేపు పనిచేస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ మూడు గంటలకే దిగిపోతుంది. దిగిపోయే గంట ఏదో తెలిస్తే తరువాతి మాత్రను అరగంట ముందుకు జరపవచ్చు, కొత్త మందు కలపనక్కరలేదు. ఆ గంట ఆమెకు చెప్పడం రాదు, ఒళ్ళు బాగాలేదని మాత్రం అంటుంది.

గార్డుగారు కొంతసేపు ఏమీ అనరు. తరువాత రామకోటి పుస్తకంలో ప్రతి పేజీ పైన రాయడం మొదలుపెట్టిన గంట వేస్తే సరిపోతుందా అని అడుగుతారు. సరిపోతుందని వైద్యురాలు చెబుతుంది: 8 గంటలకు మాత్ర పడితే 9 గంటల పేజీలో శ్రీ గడి నిండా ఉంటుంది, 11 గంటల పేజీలో మూడో వరస నుంచి ముడుచుకుంటుంది. ఆ గంటలు మనవడు వేయాలా, ఆమెతోనే వేయించాలా అన్నది గార్డుగారి తరువాతి ప్రశ్న. అంకెలు కూడా చేతిరాతే గనుక ఆమెతోనే వేయించాలని వైద్యురాలి జవాబు.